జీపు ప్లేటు మీది చివరి అక్షరం

మేము రోడ్ హెడ్‌కి చేరింది అక్టోబరు రెండో వారంలో, ఉదయం పదకొండు ఇరవైకి. అరుణాచల్‌లో మా సెక్టారుకి బండ్లు వెళ్ళే దారి అక్కడితో ఆఖరు. పై పోస్టులకి కాలినడకే. ఎత్తు పదకొండు వేల ఎనిమిది వందల అడుగులు. ఎండ ఉంది, వేడి లేదు. లారీ దిగి పది అడుగులు వేసి గోడ పట్టుకుని నిలబడ్డాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది.

నేను కొల్లేటి పక్క మనిషిని. మా ఊళ్ళో అన్నిటికంటే ఎత్తైనది చేపల చెరువు గట్టు.

లారీ నడిపి తెచ్చిన డ్రైవరు కిందికి దూకి నన్ను చూసి నవ్వాడు.

"ఏవండీ అన్నయ్యా, కొల్లేటోళ్ళకి కొండలెందుకండీ? ఉండండి, మేజరు గారితో చెప్పి మీకో పడవ ఇప్పిస్తాను."

అతనిది తాడేపల్లిగూడెం. కంపెనీలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. నేను వెహికల్ మెకానిక్‌ని, హోదాకి నాయక్‌ని. అతను నాకంటే ఆరేళ్ళు చిన్న.

మాకిచ్చిన షెడ్డు రేకులది. మూడు వైపులా రాతి గోడ, నాలుగో వైపు టార్పాలిన్. కిరసనాయిలుతో మండే పొయ్యి ఒకటి, రోజుకి ఐదు లీటర్లు. మధ్యాహ్నం రెండు దాటితే గాలి లేచేది. మూడున్నరకల్లా స్పానరు చేతికి అతుక్కునేది. చేతి తొడుగులతో చిన్న నట్టు పట్టలేం. తొడుగులు తీస్తే చర్మం ఊడేది.

షెడ్డు వెనక ఒక పాత జీపు ఉంది. చక్రాలు తీసేసి రాళ్ళ మీద నిలబెట్టారు, వెనక భాగం నిండా ఖాళీ డబ్బాలు కుక్కారు. మూడో రోజు ఉదయం ఎనిమిదింటికి మేజరు గారు దాని బానెట్ మీద చేత్తో తట్టారు.

"పటాలం ఆవిర్భావ దినానికి ఇది గేటు దాకా నడిచి రావాలి. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలా ఉండాలి. డెబ్బై రోజులు."

ఆయన వెళ్ళాక డ్రైవరు ఆ జీపు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. అతని నోట జోకు రాకపోవడం నేను చూడడం అదే మొదటిసారి.

"మా నాన్న ఈ దారిలోనే పోయారండీ," అన్నాడు.

అతని తండ్రిది కూడా మా పటాలమే. పటాలం మొదటిసారి ఈ సెక్టారుకి వచ్చినప్పుడు ఆయన జీపు డ్రైవరు. గాయపడిన ఒక జవానుని కిందికి దించుతుంటే కొండ మీంచి రాళ్ళు పడ్డాయి. ఆయన స్టీరింగ్ వదలకుండా బండిని కొండ వైపుకి ఆనించి ఆపారు. ఆపాక ప్రాణం పోయింది. వెనక పడుకున్న జవాను బతికాడు. అప్పటికి మా డ్రైవరుకి ఐదు నెలలు. ఆ సెక్టారులో బండ్లు పటాలంతో పోవు, తర్వాత వచ్చినవాళ్ళకి అప్పగించి పోతారు. అప్పుడున్నవి మూడు జీపులు. రెండు తుక్కుకి వెళ్ళిపోయాయి. ఇది మిగిలింది.

"ఇది ఆయనదో కాదో తెలిస్తే చాలండీ. ఆయన ఆఖరున కూర్చున్న చోటు ఎవరైనా చూశారా అని అమ్మ అడుగుతూనే ఉంటుంది. నేను చూశానని చెప్పాలి."

"తెలుసుకుందాం తమ్ముడూ," అన్నాను. "నేనున్నాను కదా."

వర్క్‌షాప్ హవల్దారు ముప్పై ఎనిమిది కిలోమీటర్లు కింద బేస్‌లో ఉండేవారు. ఐదో రోజు పైకి వచ్చారు. మోకాలి నొప్పి, కర్ర పట్టుకుని నడిచేవారు. జీపు చూసి నా చేతిలో స్పానరు తీసుకుని పెట్టెలో పెట్టి మూత వేశారు.

"ముందు చదువు," అన్నారు హిందీలో.

ఆయన ఆ రోజు చెప్పిందే ఇప్పుడు నా దగ్గరికి పాత కారు తెచ్చే ప్రతివారికీ చెబుతున్నాను. బానెట్ మీద రాసి ఉండేది ఇంటిపేరు లాంటిది. ఆ పేరుతో పుట్టినవన్నీ ఒకటి కావు. అదే జీపు ఫ్యాక్టరీ నుంచి నాలుగు రకాలుగా వచ్చింది. ఒకటి మామూలుది. ఒకటి వైర్‌లెస్ సెట్టు పెట్టడానికి. ఒకటి మంచుకి. ఒకటి స్ట్రెచర్లు మోయడానికి. బయటికి అన్నీ ఒకేలా కనబడతాయి. తేడా చెప్పేది డాష్‌బోర్డు మీది ప్లేటు. దానిలో మోడల్ నంబరు చివర ఒక్క అక్షరం ఉంటుంది. ఆ అక్షరాన్ని ఫ్యాక్టరీ ఇచ్చే మరమ్మతు పుస్తకం వెనకున్న పట్టికలో చూడాలి. ఏయే సామాను ఫ్యాక్టరీలోనే బిగించారో అక్కడ ఉంటుంది. ఆ తర్వాత ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు. పెద్ద వర్క్‌షాప్‌కి వెళ్ళొచ్చిన బండికి ఒకదాని ఇంజిను, ఇంకొకదాని తలుపు కలిసిపోయి ఉంటాయి. ప్లేటు ఏం చెబుతోంది, బండి మీద ఏం ఉంది, తర్వాత ఏం చేరింది, ఈ మూడూ పక్కపక్కన రాసుకోవాలి.

"రాయడం అయ్యేదాకా ఏదీ కోయొద్దు," అని వెళ్ళిపోయారు.

ప్లేటు కనబడలేదు. తనిఖీకి ముందు ప్రతి ఏడూ ఎవరో ఒకరు బ్రష్షు పట్టుకుని, కదలని ప్రతిదానికీ పచ్చ రంగు వేస్తారు. మన సైన్యంలో పనిచేసిన ఎవరినైనా అడగండి. ప్లేటు మీద ఐదారు పొరలు గట్టిపడి ఉన్నాయి. కిరసనాయిలు గుడ్డ నానబెట్టి, రోజంతా మెల్లగా గీకితే గానీ రాదు. తర్వాత చేద్దాంలే అనుకున్నాను. పుస్తకంలో మామూలు జీపు ఫోటో ఉంది. అది చించి గోడకి అంటించాను. దాన్ని చూసి పని మొదలుపెట్టాను.

రోజూ పొద్దున్నే ఐదింటికి షెడ్డులో మోకరించేవాణ్ణి. మా నాన్నగారు ఏలూరులో మా సంఘానికి పెద్ద. ఆయన చేతి కింద బైబిలు వాక్యం కంఠతా పట్టి పెరిగాను. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్లలో పంచే రొట్టె ముట్టే ముందు ఎవరి విషయంలో తప్పు చేశావో వాళ్ళతో సరిచేసుకుని రావాలి. మా మందిరంలో అది మాట వరసకి కాదు. లేచి వెళ్ళి మనిషి దగ్గర ఒప్పుకుని తిరిగొచ్చి కూర్చున్నవాళ్ళని చూశాను.

డ్రైవరు టార్పాలిన్ ఎత్తి తల దూర్చేవాడు. "అన్నయ్యా, నా లారీని కూడా కలపండి ప్రార్థనలో. రెండో గేరు పడట్లేదండీ."

"గేరుకి ప్రార్థన కాదయ్యా, క్లచ్చు తొక్కడం నేర్చుకో."

ఇరవై మూడో రోజు. ఉష్ణోగ్రత మధ్యాహ్నానికే సున్నాకి పన్నెండు కింద. వెనకున్న డబ్బాలు దించేసరికి, సీట్ల వెనక, బాడీకి రెండు వైపులా, నాలుగు ఇనప కమ్ములు కనబడ్డాయి. వాటి చివర కొక్కేలు. ఒక కొక్కెం వంగి ఉంది. ఫోటోలో అవి లేవు. కిరసనాయిలు డబ్బాలు కట్టడానికి తర్వాత ఎవరో వెల్డింగ్ చేసి ఉంటారనుకున్నాను. హవల్దారు మాట గుర్తుంది. గుర్తుండే కోశాను. నలభై నిమిషాలు పట్టింది. కమ్ముల్ని తుక్కు లారీలో పడేశాను. మర్నాడు లారీ కిందికి వెళ్ళిపోయింది.

ఇరవై ఆరో రోజు పది ఐదుకి రేడియోలో హవల్దారు.

"ప్లేటు మీద చివరి అక్షరం చెప్పు. ఓవర్."

"పన్నెండింటికి చెబుతాను. ఓవర్."

కిరసనాయిలు పోసి గీకాను. పొర తర్వాత పొర. అక్షరం బయటపడింది. పుస్తకం వెనక పట్టిక తీశాను. రెండు స్ట్రెచర్లు, నాలుగు కమ్ములు, ఎనిమిది కొక్కేలు. ఫ్యాక్టరీలో బిగించినవి. గాయపడినవాళ్ళని మోయడానికి.

మూడు జీపుల్లో స్ట్రెచర్లు మోసేది ఒక్కటే. అది కంపెనీలో అందరికీ తెలుసు. గాయపడిన జవానుని ఆయన దించింది దానిలోనే అయి ఉండాలి. అంటే ఇదే. అతని తండ్రి జీపు ఇదే.

పన్నెండింటికి రేడియో ముందు కూర్చున్నాను. చేతులు కిరసనాయిలు వాసన.

"అక్షరం అరిగిపోయింది. చదవడానికి లేదు. ఓవర్."

గరగర మధ్య హవల్దారు గొంతు వినిపించింది.

"సరే. ఔట్."

ఎందుకు అలా అన్నానో ఎన్నిసార్లు వెతుక్కున్నా పెద్ద కారణం దొరకదు. మెప్పు పోతుందనుకున్నాను. అంతే. ఆ మధ్యాహ్నమే ప్లేటు మీద మళ్ళీ పచ్చరంగు వేశాను. కమ్ములు ఉన్న చోట గుంటల్లో వెల్డింగ్ నింపి, గ్రైండర్ పట్టి, పుట్టీ రాసి, ఎమెరీ పేపరుతో అద్దంలా తీశాను. నేను చేసిన పనుల్లో అంత శుభ్రమైనది ఇంకోటి లేదు.

యాభై ఒకటో రోజు డ్రైవరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆ ఎత్తులో పరిగెత్తితే మాట రాదు. ఫోను ముందుకి చాపాడు. వాళ్ళమ్మ పెట్టెలో దొరికిన పాత ఫోటో, పక్కింటివాళ్ళ చేత తీయించి పంపింది. జీపు పక్కన ఒక పల్చటి మనిషి నవ్వుతున్నాడు. ఆయన భుజం వెనక ఇనప కమ్మి. చివర వంగిన కొక్కెం.

"ఇవి... ఉన్నాయా అన్నయ్యా? మీరు విప్పినప్పుడు?"

నేను మాట్లాడేలోపే అతను తొడుగు తీసి బాడీ లోపలి వైపు అరచేత్తో తడిమాడు. ఈ చివర నుంచి ఆ చివరకి. మళ్ళీ వెనక్కి. చేతికి ఏమీ తగల్లేదు.

"లేవు తమ్ముడూ," అన్నాను.

"అయితే ఇది కాదన్నమాట." ఫోను జేబులో పెట్టుకున్నాడు. "పోన్లెండి. మీరు మాత్రం ఏం చేస్తారు."

ఆవిర్భావ దినం నాడు ఆకాశం తేటగా ఉంది. పది గంటలకి జీపు బయటికి తీశారు. నడపమని మేజరు గారు అతనికే చెప్పారు. రెండు వందల గజాలు. తండ్రి ఆఖరున కూర్చున్న చోట కూర్చుని, అది తండ్రిది కాదనుకుంటూ, గేటు దాకా నడిపాడు. రెండో గేరు శుభ్రంగా పడింది. నా వైపు చూసి కన్ను గీటాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బ్రిగేడియర్ గారు నాకు చేయి కలిపారు.

ఆ తర్వాత ఏడు నెలలు అక్కడే ఉన్నాం. ఒక్కసారి, కింద బేస్‌లో, చిన్న మందిరంలో రొట్టె నా ముందుకి వచ్చింది. పక్కవాళ్ళకి అందించేశాను. ప్రార్థన మానలేదు. మాటలు వచ్చేవి. దేవుని ముందు ఒకడు మనసు మూసుకుని కూడా ప్రార్థిస్తున్నట్టు కూర్చోగలడని అక్కడ తెలిసింది.

సెలవు ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. నాలుగు రోజుల ప్రయాణం. తాడేపల్లిగూడెం స్టేషన్లో ఉదయం ఆరు నలభైకి దిగాం. నేను ఏలూరు దాకా పోవాలి. అతను నా ట్రంకు పెట్టె కూడా దించేశాడు.

"అమ్మ వంట చేసి ఉంచిందండీ. తిని సాయంత్రం బస్సుకి వెళ్దురు గాని. కాదంటే నన్ను ఇంట్లోకి రానివ్వదు."

రైసు మిల్లు వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. వాళ్ళమ్మ గారు కాళ్ళకి నీళ్ళిచ్చారు. విస్తట్లో పప్పు, వంకాయ కూర వడ్డించారు. పక్కన కూర్చుని అడిగారు.

"ఏం నాయనా, ఆ బండి కాదట కదా."

"కాదమ్మా, చెప్పాను కదా," అన్నాడతను అన్నం కలుపుతూ. "అన్నయ్య మొత్తం విప్పి చూశారు."

నా చెయ్యి అన్నంలో ఉంది. తీశాను. చెప్పాను. కమ్ములు, లారీ, అక్షరం, రేడియో, పుట్టీ. ప్లేటు మీది అక్షరం రంగు కింద అలాగే ఉందని, ఆ జీపు ఆయనదేనని. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

అతను ఎంగిలి చేత్తోనే లేచి పెరట్లోకి వెళ్ళాడు.

ఆవిడ నా వైపు తిరిగారు. నేను తిట్టు కోసం ఎదురుచూశాను. ఆవిడ గొంతు పెంచలేదు.

"పడుకోబెట్టినవాళ్ళ తల ఎటు ఉండేది నాయనా? ఆయన వైపా, వెనక్కా?"

కొక్కేలు ఎటు తిరిగి ఉన్నాయో చూస్తే తెలిసేది. నేను చూడలేదు. కోశాను.

"తెలియదండీ," అన్నాను.

"తల ఆయన వైపు ఉంటే, రాళ్ళు పడ్డప్పుడు ఆయన ఏమన్నారో ఆ జవాను విని ఉంటాడు," అన్నారు. తనలో తను అనుకున్నట్టు.

ఆ ఆదివారం ఏలూరులో సంఘం ముందు నిలబడి ఇదంతా చెప్పాను. పాస్టరు గారు నా కోసం ప్రార్థించారు. రొట్టె తీసుకున్నాను. దేవుడు క్షమించాడు. ఆ మాట మీద నాకు సందేహం లేదు. డ్రైవరుకి మూడు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. మేజరు గారికి కూడా రాశాను. ప్లేటు మీద రంగు గీకించారని, గేటు దగ్గర జీపు పక్కన డ్రైవరు తండ్రి పేరు రాయించారని తెలిసింది. కమ్ములు మాత్రం లేవు.

రిటైరయ్యాక ఏలూరు బయట షెడ్డు పెట్టాను. మొన్న ముదినేపల్లి నుంచి ఒక రైతు గారు వాళ్ళ తాతగారి కారు ట్రాక్టరుకి కట్టి తెచ్చారు. రెండు వారాలకి మళ్ళీ వచ్చి, ఏమీ విప్పకపోవడం చూసి నొచ్చుకున్నారు.

"ఏవండీ, ఇంకా మొదలెట్టలేదా?"

"మొదలెట్టానండీ. చదువుతున్నాను."

కానీ ఎవరి కారు ముందు కూర్చున్నా నాకు కనబడేది గూడెంలో ఆ పెరడు. అతను కుళాయి తిప్పి, ఎంగిలి చెయ్యి దాని కింద పెట్టి, మా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. కుళాయి కింద బకెట్టు నిండింది. నీళ్ళు పొర్లి గచ్చు మీదుగా అతని పాదాల కిందికి వచ్చాయి. చెయ్యి ఎప్పుడో శుభ్రమైపోయింది. అతను కుళాయి కట్టలేదు, ఇటు తిరగలేదు. నేను గుమ్మంలో నిలబడి, ఆ నీళ్ళు గడప దాకా రావడం చూస్తూ ఉన్నాను.