ముందుగాలదే మంచిగుంది

మా అత్తమ్మ పోయిన సంగతి అందరికంటే ఆలస్యంగా తెలిసింది మ్యూజిక్ సిస్టమ్‌ల దుకాణం ఆయనకు. దినాలు అయిన మర్నాడు పొద్దున ఫోన్ చేసి, ఇంటికి పంపిన రెండు పెట్టెల్లో మాజీ, అంటే మా అత్తమ్మ, ఏది ఉంచుకోమన్నారని హిందీలో అడిగాడు. మాజీ లేరని చెప్పాను. అయ్యో, తొందరేం లేదు, పెట్టెలు మీ దగ్గరే ఉండనివ్వండి అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. అన్ని రోజులూ వచ్చేపోయే చుట్టాలకు అన్నం పెట్టడంలో పడి సరిగా ఏడవనేలేదు.

ఆ పెట్టెల సంగతి చెప్పాలి. ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ పాట అంకెలుగా ఉంటుందట. ఆ అంకెలను మళ్లీ స్పీకర్లలో మోగే పాటగా మార్చేదాన్ని డాక్ అంటారు. మనబోటి వాళ్లకు అది ఫోన్‌లోనే గోరంత ఉంటుంది, ఉందని కూడా తెలియదు. మా ఆయనకు మాత్రం విడిగా, బరువుగా, స్కూటర్ ధర పలికేదై ఉండాలి. ఆయన సూరత్ దగ్గర హజీరాలో ఇంజనీరు. వారమంతా ప్లాంటు గొడవ, ఆదివారం ఈ గొడవ. ఒకటి తెస్తారు, నెల రోజులు వింటారు, ఏదో తక్కువైందంటారు, ఇంకొకటి తెస్తారు. నాకు అన్నీ ఒకేలా వినిపించేవి. ఆ మాట అంటే నా వైపు జాలిగా చూసేవారు.

అత్తమ్మ కరీంనగర్ వైపు నుంచి పెళ్లి చేసుకుని సూరత్ వచ్చింది. మరమగ్గాలను మావాళ్లు సాంచెలంటారు. అక్కడ నవాగామ్‌లో రేకుల షెడ్డు కింద, ఆ సాంచెల మోతలో నూలు కండెలు చుడుతూ ముప్పై ఏళ్లు గడిపింది. దిండోలిలో ఈ ఫ్లాటుకు వచ్చాక కూడా సోఫాలో కూర్చోలేదు. వంటింటి గడప లోపల పీట వేసుకుని, ఒళ్లో చీర పరుచుకుని, దానికి మెరుపు బిళ్లలు అంటిస్తూ ఉండేది. ఇంకా ఎందుకమ్మా ఈ పని అని కొడుకు అంటే, చేతులు ఊకె ఉండయి కదరా అనేది.

ఒక ఆదివారం మా ఆయన స్నేహితులిద్దరు వచ్చారు. మా హాల్లో పాట వినడానికని ఒకే ఒక్క కుర్చీ ఉంటుంది, స్పీకర్లకు సరిగ్గా ఎదురుగా. మా ఆయన అందులో కూర్చుంటారు, లేచి వెళ్లి పెట్టె మారుస్తారు, మళ్లీ వచ్చి కూర్చుంటారు. అదే వేణువు, అదే ముక్క. గంటన్నర తగువులాడుకున్నా తేలలేదు. అప్పుడు అత్తమ్మ చీర మీంచి తలెత్తకుండా, "ముందుగాలదే మంచిగుంది" అంది. మా ఆయన ముఖం విప్పారింది. తనకూ అదే అనిపిస్తున్నదట, గట్టిగా చెప్పలేకపోతున్నారట.

ఇక అప్పటినుంచి ఆమె మాట లేకుండా మా ఇంట్లో ఏ పెట్టే నిలవలేదు. ప్రతిసారీ వంటింటి వైపు తిరిగి, ఏది అమ్మా అని కేకేసేవారు. ఆమె చెప్పింది ఒక్కసారి కూడా తప్పలేదని దుకాణం దాకా పేరు పాకింది. స్నేహితులు తమ పెట్టెలు మోసుకొచ్చి, ఆ కుర్చీలో కూర్చుని తీర్పు అడిగేవారు. ఒకాయనను అరగంట చూసి, "గీయనకు ఏ డబ్బ అయినా గంతే. అగ్గువది తీస్కొమ్మను" అంది. అందరూ పడీ పడీ నవ్వారు. ఆయన నిజంగానే చవకది కొనుక్కుని సుఖంగా ఉన్నాడు.

ఒకరోజు కుక్కర్ ఆమె పక్కనే కూతల మీద కూతలు వేస్తోంది. నేను స్నానాల గదిలోంచి పరుగెత్తుకొచ్చేదాకా ఆమె కదల్లేదు. వినబడలేదా అత్తమ్మా అని అరిచాను. ముందు మాట దాటేసింది. తర్వాత చెయ్యి పట్టి తన పీట మీద నన్ను కూర్చోబెట్టి, ఏం కనబడుతుందో చూడమంది. ఇవతల తలుపు చెక్క, అవతల చెప్పుల స్టాండు. ఆ సందులోంచి వినే కుర్చీ కింది భాగం, అందులో కూర్చున్న మనిషి పాదం తప్ప ఇంకేమీ కనబడవు.

"నాకు పాట యాడ ఇనబడ్తది బిడ్డా. సాంచెలు ఎప్పుడో తిన్నయి నా చెవులను. వానికి పానం నిమ్మలమైతే కుడికాలు బొటనవేలు పైకి లేస్తది. పాలు తాగేటప్పుడు గూడ గట్లనే లేచేది."

నవ్వు ఆపుకోలేకపోయాను. నవ్వు తగ్గాక, చెవికి మిషన్ పెట్టిద్దాం, ఆయనకు చెబుతాను అన్నాను. నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"చెప్పకు. సదువుకున్నంక వాడు నన్ను అడుగుతున్నది గిదొక్కటే."

చెప్పనని మాటిచ్చాను. ఆమె అన్నదీ నిజమే. ఉద్యోగం, ఫ్లాటు, పరదాల రంగు, అన్నీ ఆమెకు చెప్పేవారు, అడిగేవారు కాదు. నేనూ అంతే. శబ్దంలో వెంట్రుకంత తేడా పట్టే మనిషి, కన్నతల్లికి వినబడదని పట్టలేకపోయారు. తప్పు పట్టను. సాంచెల మధ్య పెరిగినవాళ్లకు అమ్మతో అరిచి మాట్లాడటం పుట్టినప్పటినుంచీ అలవాటే. ఆ మర్నాటినుంచి నేను ఏ కూర వండాలో ఆమెను అడగడం మొదలుపెట్టాను. ఆమెకు అర్థమైంది. బెండకాయ అనేది, వారానికి నాలుగు రోజులు బెండకాయే అనేది.

ఈ గుట్టు ఇక్కడ రాయగలుగుతున్నానంటే ఒకటే ధైర్యం. మా ఆయన గుజరాతీ మీడియంలో చదివారు. తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. మీలో ఎవరికైనా ఆయన తెలిస్తే దయచేసి చెప్పకండి.

చివరి రెండు పెట్టెలు వచ్చిన రోజే అత్తమ్మకు ఆయాసం ఎక్కువైంది. ఆసుపత్రిలో నాలుగు రోజులుంది. ఐదో రోజు లేదు.

మొన్న ఆదివారం నేనే బలవంతం చేసి పెట్టెలు విప్పించాను. అదే వేణువు పెట్టారు. లేచి మార్చారు, మళ్లీ మార్చారు. నాకేం తెలుస్తలేదు, అమ్మ ఉంటే చెప్పేది అన్నారు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. తెలిసింది ఎప్పుడూ మీకే, ఆమె మిమ్మల్నే చూసి చెప్పింది అంటే ఆయన బెంగ కొంత తీరేదేమో. కానీ అమ్మకు వినబడదన్న సంగతి ఇప్పుడు తెలిస్తే ఆ మనిషి తట్టుకోలేరు. పైగా నేను మాటిచ్చాను. వెళ్లి పీట మీద కూర్చున్నాను. దాని అంచుకు ఒక మెరుపు బిళ్ల ఇంకా అంటుకునే ఉంది.

మొదటి పెట్టె. సందులోంచి పాదం కనబడుతోంది. కాసేపు నేలకు ఆనుకునే ఉంది. వేణువు పైకి వెళ్లేచోట బొటనవేలు కొంచెం లేచింది. రెండో పెట్టెకు లేవలేదు. అప్పుడు ఆయన అలవాటు కొద్దీ వంటింటి వైపు, ఆమెకు వేసినట్టే పెద్ద కేక వేశారు. "ఏది మంచిగుంది?" కేక వేశాక గానీ అమ్మ లేదని గుర్తొచ్చినట్టు లేదు.

"ముందుగాలదే" అన్నాను నేను, నేనూ గట్టిగానే.

ఆయన లేచి మొదటి పెట్టెకు మార్చి, వచ్చి కూర్చున్నారు. పాట అయిపోయేదాకా ఆ వేలు దిగలేదు.