కడిగి తెచ్చిన బండి

2023 ఫిబ్రవరి. హిందూపురంలో పెనుకొండ రోడ్డు మీద నాకొక షెడ్డు ఉంది. జీపులు, పికప్‌లు చేస్తాను. ముఖ్యంగా ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు, అంటే ఇంజను బలం వెనక చక్రాలకే కాక నాలుగింటికీ అందే బండ్లు. అప్పటికి ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. చేతులకు అంటిన గ్రీజుతో నాకు పేచీ లేదు, నడుం నొప్పితో కూడా రాజీ పడ్డాను. రాజీ పడలేనిది ఒక్క శబ్దాలతోనే.

ఆయిలు కారితే కంటికి కనబడుతుంది. బ్రేకు పట్టకపోతే కాలికి తెలుస్తుంది. శబ్దం అలా కాదు. ఊరంతా గోల చేసుకుంటూ వచ్చిన బండి నా గేటు దాటగానే బుద్ధిమంతుడైపోతుంది. కస్టమర్లేమో నోటితో చేసి చూపిస్తారు. ఒకాయన గరగర అంటాడు, పక్కన కూర్చున్న భార్య కాదు గలగల అంటుంది, ఇద్దరూ నా ముందే వాదులాడుకుంటారు. ఫోనులో రికార్డు చేసి పంపేవాళ్లు ఇంకో రకం. అందులో సినిమా పాట వినిపిస్తుంది, లారీ హారన్ వినిపిస్తుంది, వెనక సీట్లో ఎవరో పెళ్లి విందు గురించి మాట్లాడుకోవడం కూడా వినిపిస్తుంది. అసలు శబ్దం ఒక్కటే వినిపించదు. "విన్నావా భాయ్?" అని మళ్లీ ఫోను!

నరసింహులు అలాంటివాడు కాదు. ఆ మాట ముందే చెప్పాలి. అమరాపురం దగ్గరి పల్లె అతనిది, యాభై దాటిన మనిషి. హనుమంతరాయప్ప అనే రైతు దగ్గర డ్రైవరు. రాయప్పకు వంక అవతల దానిమ్మ తోట ఉంది. ఇసుకా, మోకాటి లోతు నీళ్లూ దాటి పోవాలి కాబట్టి సెకండ్ హ్యాండులో ఒక ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కొన్నాడు. పొద్దున పదిమంది కూలి ఆడవాళ్లను వెనక ఎక్కించుకుని తోటకు తీసుకుపోవడం, సాయంత్రం ఊళ్లో దింపడం నరసింహులు పని.

"బాషన్నా, బండి కింద యాదో అరుస్తాండాది. పిట్ట అరిచినట్ల కిచ్ కిచ్ కిచ్ అంటాది. స్పీడు పెంచితే అదీ పెంచుతాది" అన్నాడు.

"యాడ నుంచి? ముందరా, ఎనకా?"

"నడిమిట్ల అనిపిస్తాది. రోంత ముందరికే అనుకో."

"ఎప్పుడొస్తాది?"

"దినామూ వస్తాదన్నా. వంక దాటినాక రోంచేపు గమ్మునుంటాది. మల్లా మొదలు పెడ్తాది."

నేను నవ్వాను. వంక దాటి అలసిపోయి ఉంటుందిలే అన్నాను. తర్వాత ఆ మాట తలుచుకుని నన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్క లేదు. రోగం ఏమిటో మొదటి రోజే, మొదటి ఐదు నిమిషాల్లోనే అతను నా చేతిలో పెట్టాడు. నేను జోకు వేశాను.

బండి తళతళలాడుతోంది. టైర్లు కూడా నల్లగా మెరుస్తున్నాయి. ట్రయల్‌కు నేనే ఎక్కి పెనుకొండ వైపు తోలాను. ఇరవైలో, నలభైలో, అరవైలో తోలాను. న్యూట్రల్ చేసి జారవిడిచాను. అద్దం దించి మెడ బయటపెట్టి విన్నాను. పిట్టా లేదు, గువ్వా లేదు. షెడ్డుకు తెచ్చి జాకీ ఎత్తి చక్రాలు ఊపి చూశాను, బేరింగులు బాగున్నాయి. గేరుబాక్సు దగ్గరి నుంచి ఇరుసుకు తిరుగుడును మోసుకుపోయే ఇనప గొట్టాన్ని ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటాం. ఈ బండికి అవి రెండు, వెనక్కొకటి, ముందుకొకటి. రెండింటినీ పట్టుకుని ఊపాను. లూజు లేదు. జాబ్ కార్డులో "శబ్దం లేదు" అని రాసి పంపేశాను.

వారానికి మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే పిట్ట, మళ్లీ అదే తళతళలాడే బండి, మళ్లీ నాకు ఏమీ వినపడలేదు. ఏదో ఒకటి చేయాలి కదా అని సైలెన్సర్ బిగించి పంపాను. మూడోసారి వచ్చినప్పుడు రాయప్ప కూడా వెంట ఉన్నాడు. బండి లేక ఆ రోజు తోట పని ఆగింది, ఆ కోపం ముఖంలోనే కనబడుతోంది.

"ఏమప్పా బాషా, ఉండేది చెప్పు. శబ్దం ఉండాదా లేదా? వీడు తోటకాడ పని ఎగ్గొట్టల్లని బండి మీద పెడ్తాండాడని నా అనుమానం" అన్నాడు.

నా ముందు అప్పటికే మూడు బండ్లు విప్పి ఉన్నాయి. ఎండ. ఫోను మోగుతూనే ఉంది. నాకూ విసుగొచ్చింది.

"లేదు రాయప్పన్నా. మూడుసార్లు తోలి చూసినా. ఈ బండిలో ఏ శబ్దమూ లేదు. ఉంటే ఈయప్ప మనసులో ఉండాది" అన్నాను.

రాయప్ప నవ్వాడు. నేనూ నవ్వాను. నరసింహులు మాత్రం "ఉండాదన్నా" అని మెల్లగా అని, తాళంచెవి రాయప్ప చేతికిచ్చి, పోయి బండిలో పక్క సీట్లో కూర్చున్నాడు. అది నేను చూశాను. దాని అర్థం ఏమిటో ఆలోచించేంత ఓపిక ఆ పూట నాకు లేదు.

పది రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం షెడ్డులో పని చేసుకుంటుంటే రోడ్డు మీంచి కిచ్ కిచ్ కిచ్ అని వినిపించింది. బండి ఇంకా మలుపు తిరగనే లేదు. వచ్చి ఆగింది రాయప్ప పికప్పే. ఈసారి స్టీరింగు దగ్గర రాయప్ప. బండి నిండా ఎండిన బురద, చక్రాలకు ఇసుక, వెనక దానిమ్మ ఆకులు.

"ఇప్పుడు చెప్పప్పా, ఉండాదా లేదా?" అన్నాడు దిగుతూనే.

నిజం చెప్పాలంటే నాకు ముందు సంతోషమే వేసింది. దొంగ దొరికాడు కదా! గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాను. ముందు షాఫ్ట్ చివర ప్లస్ గుర్తులాంటి ముక్క ఒకటి ఉంటుంది, క్రాస్ అంటాం. బండి ఎగుడుదిగుడుల్లో ఊగినా షాఫ్ట్ తిరుగుతూ ఉండేది దాని వల్లే. దాని నాలుగు కొసలకు నాలుగు చిన్న కప్పులు, వాటిలో సూదుల్లాంటి బేరింగులు ఉంటాయి. ఆ కప్పుల అంచుల్లో ఇటుకపొడిలాంటి ఎర్రటి తుప్పు. వంక నీళ్లలో రోజూ మునిగి లోపలి గ్రీజు పోయింది. ఇన్నిసార్లు చూశాను, ఈ ఎర్రపొడి ఎక్కడ దాక్కుంది?

అప్పుడు గుర్తొచ్చింది నరసింహులు మాట. వంక దాటినాక గమ్మునుంటాది.

ఒక మగ్గు నీళ్లు తెచ్చి క్రాస్ మీద పోసి బండి తోలాను. చప్పుడు లేదు. ఒక కిలోమీటరు పోయి వెనక్కి తిప్పానో లేదో కిచ్ కిచ్ మొదలు. తడిస్తే నోరు మూసుకుంటుంది, ఆరితే అరుస్తుంది. అంతే సంగతి! నెల రోజులు నన్ను ఏడిపించిన రోగానికి పరీక్ష ఒక మగ్గు నీళ్లు.

"రాయప్పన్నా, ఈ పొద్దు బండి కడిగిచ్చలేదా?" అన్నాను.

"నాకంత తీరికేడిదప్పా? అదంతా నర్సింలు చేస్తాన్నె. హిందూపురం మొగదల వాటర్ సర్వీసు కాడ ఆపి, కిందా మీదా కొట్టిచ్చి తెస్తాన్నె. మట్టి బండి కింద బాషన్న పండుకోవాల్నా, మర్యాద కాదు అని."

నా మీద మట్టి రాలకూడదని, నా గుడ్డలు మాయకూడదని, ఆ మనిషి మూడుసార్లూ ప్రెషర్ పంపుతో ఆ క్రాస్‌ను లోపలికంటా తడిపి, ఎర్రపొడి కూడా లేకుండా కడిగించి తెచ్చాడు. నేను మూడుసార్లూ బండి శుభ్రంగా ఉందని మెచ్చుకుని, శబ్దం లేదని రాశాను. కడిగి ఎంతసేపయిందప్పా అని ఒక్కసారి అడగలేదు.

షాఫ్ట్ దించాను. బిగుసుకుపోయిన క్రాస్ ఊపితే ఊగదు, దించి చేత్తో మడిచి చూస్తేనే తెలుస్తుంది. ఇది నాకు తెలియని విద్యేమీ కాదు. శబ్దమే లేదనుకున్నాక దించడం ఎందుకని బద్ధకించాను. ఒక కప్పు విప్పితే బేరింగు సూదులు పొడి పొడిగా రాలాయి. ఇంకొన్నాళ్లు పోతే క్రాస్ విరిగి, షాఫ్ట్ రోడ్డు మీద పడేది. వెనక పదిమంది ఆడవాళ్లతో.

"ముందు నర్సింలుకు చెప్పల్ల. యాడుండాడు?" అన్నాను.

"ఆ పొద్దే తీసేస్తి గదప్పా. నువ్వే అంటివి లేదని" అన్నాడు రాయప్ప, నా ముఖం చూడకుండా.

నరసింహులు ధర్మవరంలో చెల్లెలింట్లో ఉంటూ, మగ్గాలకు పట్టు దారం మోసే ఆటో తోలుతున్నాడు. ఆ ఆదివారమే పోయాను. జరిగిందంతా చెప్పాను. అతను ఆటోకు ఆనుకుని అడిగాడు.

"అంటే కడగడమే నా తప్పాయనా అన్నా?"

నాకు ఒళ్లు మండిపోయింది. తప్పు చేసినవాణ్ణి నేను ఎదురుగా నిలబడి ఉంటే, ఈయన తనలో వెతుక్కుంటున్నాడు!

"నీది తప్పేందప్పా! అడగనిది నేను. నిన్ను చూసి నగింది నేను. రాయప్ప మల్లా పనికి రమ్మంటాండాడు, వస్తావా?"

"పని వద్దులేన్నా, ఈడ బాగానే ఉండాది. అయితే ఊర్లో నన్ను అబద్ధాల డ్రైవరంటాండారు. మా ఊరికొచ్చి ఆ మాట ఒక్కటి చెప్తావా?"

మరుసటి రోజు పొద్దున్నే ఇద్దరం పోయాం. రాయప్ప ఇంటి ముందు కూలి ఆడవాళ్లు క్యారియర్లు పట్టుకుని పికప్ ఎక్కడానికి నిలబడి ఉన్నారు. నేను గొంతు సవరించుకుని చెప్పాను. బండిలో శబ్దం ఉన్నింది, నర్సింలు చెప్పింది నిజం, లేదన్నది నా తప్పు అని. అందరిలోకీ పెద్దావిడ అంజినమ్మ క్యారియరు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"ఉన్నిందని మాకెరుకే గదప్పా. మా కాళ్ల కిందనే అరుస్తాండె" అంది.

నరసింహులు ఆమె వైపు తిరిగాడు. "మరి ఆ పొద్దు ఒక మాట చెప్పకపోతిరేమక్కా?"

"చెబుదామనే అనుకుంటిమి. అంతలో మెకానిక్కే లేదన్నాడనిరి. అంత పని తెలిసినోడు లేదన్నాక, మా చెవులదే తప్పేమోలే అనుకుంటిమి నాయనా."

ఆమె నన్నేమీ అనలేదు. నేను లేదన్నాక కూడా రోజూ ఆ శబ్దం మీదే కూర్చుని, దాన్ని వింటూ, వినడం లేదనుకుంటూ ఆ పదిమందీ తోటకు పోయి వచ్చారు. తిట్టి ఉంటే కొంచెం నయంగా ఉండేది. నరసింహులు మధ్యాహ్నం బస్సుకు ధర్మవరం వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి నేను శబ్దం లేదు అనను. నాకు వినపడలేదు అంటాను. కస్టమర్లకు ఇది అసలు నచ్చదు. "ఇంతకీ ఉండాదా లేదా భాయ్, తేల్చి చెప్పు" అని విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆ బండిలో ఇంకా ఎవరెవరు ఎక్కుతారో వాళ్లను పిలుచుకుని రమ్మంటాను.