రాగితీగ మీద తెల్లచీర

ఆ రోజుల్లో, అంటే మొదటి జీతాలు చేతికొచ్చిన కొత్తలో, నా తోటివాళ్ళంతా బైకులూ ఖరీదైన ఫోన్లూ కొంటుంటే నేను వాల్వు రేడియోలు కొనేదాన్ని. ఆ వయసులో మనిషికి ఏదో ఒక పిచ్చి ఉండాలని నా నమ్మకం, లేకపోతే ఆ వయసు గడిచిన గుర్తు కూడా మిగలదు. వారమంతా మధురవాడ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, సెలవు రోజున పూర్ణా మార్కెట్ వైపు పాత సామాన్ల కొట్లు గాలించి, చెక్కపెట్టెంత రేడియోని గుడ్డలో చుట్టి ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేదాన్ని. (ఒకసారి ఆటో అతను "లోపలేటున్నాదండి, కుక్కపిల్లా?" అని అడిగాడు. గుంత వచ్చినప్పుడల్లా నేను దాన్ని నిమురుతున్నానట.) నాన్నది ఓడ మీద ఉద్యోగం, ఏడాదిలో సగం నీళ్ళ మీదే. కాబట్టి నా సంపదనంతా భరించే భారం అమ్మ ఒక్కదాని మీదే పడింది.

వాటిలో నా ప్రాణమంతా ఒకదాని మీదే ఉండేది. దాని ముఖం మీద స్టేషన్ దొరికితే ముడుచుకుని, దొరక్కపోతే విప్పారే ఒక పచ్చటి కన్ను ఉండేది. అది కొన్నప్పుడు మూగది. వాల్వు కోసం ద్వారకా నగర్‌లో తిరిగితే ఒక కొట్టాయన "ఇది మా నాన్న ఉన్నప్పుడు అడగవలసింది మేడమ్" అన్నాడు. చివరికి ఇంకో రేడియో కడుపు కోసి వాల్వు తీసి, పాడైన కండెన్సర్లు మార్చి, వేళ్ళు కాల్చుకుని, దాన్ని పలికించాను. మర్నాడు నా నడకే మారిపోయిందని ఆఫీసులో అన్నారు. అమ్మ మాత్రం ఆ కన్ను మీద తువ్వాలు కప్పింది. "నాను సీర మార్సుకుంతంటే సూత్తందే అది" అంది. పైగా బల్బుల వల్లా ఫోన్ ఛార్జర్ల వల్లా రేడియోలో గుర్రుమని రొద వస్తుందని నేను ఇంట్లో దీపాలన్నీ ఆర్పేసేదాన్ని. కూర తరుగుతున్న అమ్మ చీకట్లో కత్తిపీట ముందు కూర్చుని నన్నూ, రేడియోనీ, దాన్ని కనిపెట్టిన మహానుభావుణ్ణీ కలిపి తిట్టేది.

దూరదేశాల స్టేషన్లు రావాలంటే పొడవాటి ఏరియల్ కావాలి. మాది మూడో అంతస్తు, పైన డాబా. నీళ్ళ ట్యాంకు నుంచి లిఫ్టు గది దాకా మంచి రాగితీగ లాగి, కొసని మా కిటికీలోకి దించాను. ఎవరికీ చెప్పలేదు, గొప్ప పనులు చెప్పి చేయకూడదని అప్పట్లో నా అభిప్రాయం. మర్నాడు చూస్తే దాని మీద రెండు దుప్పట్లు, ఒక లుంగీ, స్కూలు యూనిఫారాలు ఆరుతున్నాయి. అసోసియేషన్ వాళ్ళు ఇన్నాళ్ళకి ఒక మంచి పని చేశారని ఆంటీలంతా మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పులో నాకు రావలసిన వాటా గురించి ఆలోచిస్తూ, అసలు సంగతి చెప్పడం వాయిదా వేశాను.

సముద్రపు గాలి వాయిదాలు వేయదు. రాగి చిలుం పట్టింది. పక్షం తిరిగేసరికి మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి లుంగీకీ, దుప్పటికీ, తలగడ గలేబుకీ నడుమ ఒక పచ్చటి చార వచ్చింది. బస్టాపులో పిల్లల చొక్కాలు చూసి మా బిల్డింగు వాళ్ళని పోల్చుకునేవారు. అంతవరకూ అందరూ సబ్బుని తిట్టుకున్నారు. కానీ మొదటి అంతస్తు టీచరాంటీ ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీర మీద చార పడగానే విచారణ మొదలైంది. తీగ వెంట వచ్చిన వేళ్ళు నేరుగా మా కిటికీ దగ్గర ఆగాయి.

మీటింగు పెట్టారు. ప్రెసిడెంట్ అంకుల్ స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన మనిషి, ఎవర్నీ నొప్పించడు. "ఫోన్లోనే అన్నీ వత్తన్నాయి కదమ్మా, ఈ వైరెందుకు, తీసీ" అన్నాడు. తీగ పోతే నా రేడియో మళ్ళీ మూగదైపోతుంది. నాకు ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువగా పౌరుషం వచ్చింది. "ఇంటర్నెట్ లేకుండా సముద్రం అవతలి పాట వినిపిస్తాను అంకుల్. వినిపించలేకపోతే నేనే కోసేస్తాను" అన్నాను. "అయితే రేపు సాయంత్రం ఇంతాం. వత్తే వైరుంతాది, లేదంటే లేదు" అన్నాడాయన.

మర్నాడు సాయంత్రం బిల్డింగు మొత్తం మా హాల్లో ఉంది, టీచరాంటీ తప్ప. మా ఇంట్లో దీపాలు ఆర్పి స్విచ్చి వేశాను. వాల్వులు వేడెక్కేదాకా ఏ శబ్దమూ రాదు. ఆ కాసేపట్లోనే ఎవరో "పోయినట్టున్నాది" అని సానుభూతి చూపించారు. తర్వాత శబ్దం వచ్చింది. గుర్రుమని రొద, రొద వెనక రొద. మా ఇంటి దీపాలు ఆర్పాను గానీ, మా ఇంటికొచ్చిన జనమంతా వాళ్ళ ఇళ్ళలో లైట్లూ టీవీలూ వేసే వచ్చారు. నేను ముల్లు తిప్పుతున్నాను, పచ్చకన్ను విప్పారి నన్నే చూస్తోంది. ప్రెసిడెంట్ అంకుల్ జాలిగా దగ్గాడు. సాయానికి అమ్మ కోసం చూస్తే అమ్మ లేదు. సిగ్గుతో ఎటో వెళ్ళిపోయిందనుకున్నాను.

అప్పుడు రొద కొంచెం తగ్గింది. ఇంకొంచెం తగ్గింది. ఒక్కో మెట్టూ దిగుతున్నట్టు అలా తగ్గుతూనే పోయి, ఆ అడుగు నుంచి ఒక ఆడమనిషి గొంతు పైకి తేలింది. ఏ భాషో తెలియదు. పచ్చకన్ను మెల్లగా ముడుచుకుంది.

అమ్మ మెట్లెక్కి, ఆయాసపడుతూ వచ్చింది. "కిందకెళ్ళి మీటరు బోర్డు కాడ అన్నీ ఆపీసాను. మన పేరున్నది ఒక్కటే ఒగ్గీసాను" అంది. లిఫ్టు కూడానా అని అడిగాను. "ఏది దేనిదో నాకేటి తెలుసు?" అంది.

సరిగ్గా అప్పుడే లిఫ్టు వైపు నుంచి, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య, ఇనప గేటు మీద గొడుగుతో కొడుతున్న చప్పుడు వినిపించింది. టీచరాంటీ. అందరూ పరుగెత్తారు. కిందకెళ్ళి స్విచ్చి వేస్తామని అంకుల్ ఆదుర్దాగా అరిచాడు. ఆవిడ గొంతు చీకట్లోంచి క్లాసులో పలికినంత స్థిరంగా పలికింది. "ఉండండి. నన్ను తర్వాత తీద్దురు గాని, ముందా పాట అవనీయండి. ఇక్కడికి బాగా ఇనపడతంది."

పాట అయ్యేదాకా మేమంతా లిఫ్టు గేటు చుట్టూ నిలబడి విన్నాం. "ఏ దేశమమ్మా ఇది?" అని అంకుల్ గుసగుసగా అడిగితే తెలియదని ఒప్పుకున్నాను. పక్కన అమ్మ ఎవరితోనో అంటోంది, "మూగదాన్ని తెచ్చింది. మా పిల్లే బాగుసేసింది, ఒక్కర్తే." అది నాకు వినబడాలని అన్నది కాదు. అంతకు ముందూ ఆ తర్వాతా నాకు దొరికిన ఏ ప్రమోషనూ ఆ మాటకి సాటి రాలేదు. వైరు ఉండిపోయింది. మర్నాడు అమ్మే నైలాను తాడు కొని, బట్టల కోసం డాబా అవతలి వైపు కట్టించింది.

ఇప్పుడు సీతమ్మధారలో మా ఇంట్లో ఒక గది నిండా రేడియోలే. పచ్చకన్నుది నడుమ ఉంది, దాని మీద తువ్వాలు లేదు. మొన్న క్రిస్మస్‌కి టీచరాంటీ మా ఇంటికి అదే తెల్లచీరలో వచ్చింది. ఇంకా ఎందుకు ఉంచారాంటీ అని అడిగితే, భుజం మీది పచ్చచార సర్దుకుని "అందరి సీరలకీ బోర్డరు కొట్లో ఏస్తారు, నాకు నువ్వేసావు" అంది. ఆవిడకి కేకు పెడుతూ ఆ చార వంక చూశాను. రేడియోని ఒళ్ళో పెట్టుకుని గుంతల్లో నిమురుకుంటూ వచ్చిన ఆ పిచ్చిపిల్ల మీద నాకు నవ్వొచ్చింది. ఈ కాలంలో ఎక్కడైనా కనబడితే, ఆ ఆటో చార్జీ నేనే ఇచ్చేద్దును.