కరగని ఐసుకు స్తోత్రం

పెళ్లి కాకముందు, ఆ రోజుల్లో, ప్రతి చిన్నదానికీ దేవుడికి స్తోత్రం చెప్పే అలవాటు నాకు ఇప్పటికన్నా ఎక్కువగా ఉండేది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే స్తోత్రం, చారులో ఉప్పు సరిపోతే స్తోత్రం. చిన్నప్పుడు కాళ్లలో సత్తువ లేక బడికి పోలేకపోయిన నాకు అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు, ఎక్కాలు నేర్పింది. అందుకని నాకు తెలిసిన ప్రతి ముక్కా ఎవరో చేతిలో పెట్టిన కానుకలాగే ఉండేది. ఆ అలవాటును ఇప్పుడు తప్పుపట్టడం లేదు. కానీ మా ఊరు ఎల్లారెడ్డి బయట ఒక రోజు నేను దేనికి స్తోత్రం చెప్తున్నానో కాస్త ఆగి చూసుకుని ఉంటే, మా అన్న అంతసేపు ప్రాణాలు ఉగ్గబట్టుకుని నిలబడాల్సి వచ్చేది కాదు.

అన్నకు కామారెడ్డిలో ఒక రేకుల షెడ్డు ఉండేది. ఆటోలు, ట్రాక్టర్లు బాగుచేసేవాడు గానీ మనసంతా మూలనున్న పాత కారు మీదే. పిట్లంలో ఎవరి కొట్టంలోనో కోళ్లు అందులో గుడ్లు పెట్టుకుంటుంటే బతిమాలి తెచ్చుకున్నాడు దాన్ని. డ్రాగ్ రేసు కారు చేస్తానన్నాడు. అంటే మలుపులు, మెలికలు ఏమీ లేవు. తిన్నని రోడ్డు మీద నాలుగు వందల మీటర్లు, కళ్లు మూసి తెరిచేలోగా అవతల ఉండాలి. అందుకోసం ఇంజన్‌కు సూపర్‌చార్జర్ బిగించాడు. అది గాలిని బలవంతంగా ఇంజన్‌లోకి కుక్కుతుంది. కుక్కిన గాలి వేడెక్కుతుంది (సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు కాలుతుంది చూడండి, అలాగే). ఆ వేడి గాలి లోపలికి పోతే పెట్రోలు సమయం కాకముందే అంటుకుని, టకటకమని కొట్టుకుని, చివరికి పిస్టన్ పగులుతుంది. అలా కాకుండా మధ్యలో ఇంటర్‌కూలర్ అనే పెట్టె ఒకటి. దాని చుట్టూ చల్లని నీళ్లు తిరిగితే లోపలి గాలి చల్లబడుతుంది. అన్న పాత చిన్న పెట్టె తీసేసి పెద్దది పెట్టాడు, పైపులు లావువి వేశాడు, డిక్కీలో ఐసు వేసే డబ్బా అమర్చాడు, ఆ నీళ్లు తిప్పడానికి కొత్త కరెంటు పంపు బిగించాడు.

ఇదంతా చూసి బాపు (మా నాన్న) ఒక్కటే మాట అన్నాడు. "గా సారు వస్తడంటివి గదా, రానీయ్. ఆయన మెచ్చిండా, నీ బతుకు నీది. గిది పగిలిందా, షెడ్డుకు తాళమేసి వచ్చి కోత మిషన్ మీద కూసో. మల్ల నన్ను అడుగొద్దు."

ఆ సారు హైదరాబాద్‌లో రేసు కార్లు తయారుచేసే మనిషి. పగలైనా ఇంట్లోనైనా నల్లద్దాలు తీయడు కాబట్టి మేమిద్దరం నల్లద్దాల సారు అనుకునేవాళ్లం. ఆయనకు ఇంజన్ ట్యూనింగ్ చేసే మనిషి కావాలి. ఫోన్‌లో అన్నకు షరతు పెట్టాడు. "మూడు రన్నులు, వెంట వెంట. మధ్యల చల్లారబెట్టుడు లేదు. మూడింటికీ ఇంజన్ నిలబడాలె." చోటు కూడా కుదిరింది. ఎల్లారెడ్డి బయట ఇంకా ఒక్క ఇల్లూ కట్టని ప్లాట్ల వెంచర్‌లో నున్నటి తారు రోడ్డు ఉంది, దాని యజమాని సరేనన్నాడు.

"చెల్లె, ఐసు నీ జిమ్మ," అన్నాడు అన్న. ఇంత పెద్ద పని నాకెవరూ అప్పగించలేదు అంతవరకు. పొద్దున్నే కామారెడ్డిలో ఐసు ఫ్యాక్టరీకి పోయి పెద్ద గడ్డ తీసుకున్నాను. మా వైపు ఐసు గడ్డను ఊకలో పొర్లించి, గోనెసంచి చుట్టి ఇస్తారు. వరి పండే చోట ఊకకేం కరువు. నేనేమో ఇంకో రెండు దోసిళ్లు ఎక్కువే అద్దించాను. ఎల్లారెడ్డి దాకా ఆటోలో కాళ్ల మధ్య పెట్టుకుని, దారి పొడవునా కరగనివ్వకు తండ్రీ అని ప్రార్థిస్తూ వచ్చాను. వెంచర్‌లో సంచి విప్పి రోకలితో పగలగొట్టాను. కడిగితే కరిగిపోతుందని భయం. అందుకని చేత్తో దులిపి, ఉఫ్ ఉఫ్‌మని ఊది డబ్బాలో వేశాను. అక్కడక్కడ కాస్త ఊక తేలితే, పోనీలే, ఇదేం చేస్తుంది అనుకున్నాను.

మొదటి పరుగు బాణంలా పోయింది. అన్న తిరిగి వచ్చి, ఇంజన్‌లోకి పోయే గాలి వేడి చూపించే మీటరు చూసి "ముప్పై ఎనిమిది, రాస్కో," అన్నాడు. రాశాను. సారు తల ఊపాడు. రెండో పరుగులో సగం దూరం పోయాక కారు గొంతు తగ్గింది. అన్న యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాడు. వచ్చేసరికి మొహం నిండా చెమట.

"యాభై ఏడు. చెల్లె, ఐసుందా?"

డిక్కీ తెరిచి చూశాను. "మస్తుగుందన్నా!"

అన్న ల్యాప్‌టాప్ తీసి ఇంజన్‌కు నిప్పందే సమయం కొంచెం వెనక్కి జరిపాడు. బెల్టు చూశాడు. పంపు దగ్గర చెవి పెట్టాడు, గుయ్యిమంటూనే ఉంది. కారు నిలబడే ఉంది, మీటరు మాత్రం అరవై దాటింది. బాపు దూరంగా స్కూటర్ మీద కూర్చుని చూస్తున్నాడు.

"ఏం భాయ్, ఉన్నదా లేదా మూడోది? నేను పోవాలె మల్ల," అన్నాడు సారు.

"ఐదే నిమిషాలు సార్. చెల్లె, ఐసుందా అసలు? మంచిగ చూడు."

"ఉందన్నా, ఉంది!" ఈసారి చెయ్యి పెట్టి మరీ చూశాను. ముక్కలు ముక్కల్లాగే ఉన్నాయి, అంచులు కూడా సరిగా అరగలేదు. పొద్దుటి నుంచి నేను అడిగింది అదే కదా. కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పుకున్నాను. అన్నకు కాస్త ధైర్యం వస్తుందని, సారుకు కూడా వినబడేలా గట్టిగా అరిచాను. "ఒక్క ముక్క గూడ కరగలే అన్నా! దేవుడు ఎట్ల కాపాడిండో చూడు!"

అన్న తల ఎత్తి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

"కరగలేదా?"

"కరగలే."

"గంత వేడి తగిలితే కరగకుంట ఎట్లుంటదే? నీళ్లు తిరుగుతలేవన్నట్టు!"

పరుగున వచ్చి డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. పంపు నోటి దగ్గర నుంచి పిడికెడు ఊక ముద్ద తీసి నా ముందు పట్టుకున్నాడు. అది నీళ్లు కారుతూ వడియాల పిండిలా ఉంది. ఈసారి నా నోట స్తోత్రం రాలేదు.

"నేనే అన్నా. కడిగితే కరుగుతదని కడగలే," అన్నాను. చెప్పేసరికి ఏడుపొచ్చింది.

"ఏడ్సుడు తర్వాత. నీ చున్నీ ఇయ్యి."

"గిది చర్చికి ఏస్కునేదన్నా!"

"ప్రభువు ఏమనడు. చింపు!"

సగం చున్నీతో నీళ్లు వడపోశాం, మిగతా సగం మడతలు పెట్టి పంపు నోటికి కట్టాం. ఐసు ముక్కలను ఒక్కొక్కటిగా కడిగి వేశాను, ఎంత కరిగితే అంత కరగనీ అని. మీటరు మెల్లగా దిగింది. యాభై, నలభై నాలుగు, ముప్పై ఆరు. అన్న కారెక్కాడు. ఆ పది పదిహేను క్షణాలు నేను ప్రార్థించానో, ఊపిరి బిగబట్టానో తెలియదు, రెండూ ఒకేసారి కుదరవు కదా. కారు చివరిదాకా గొంతు తగ్గకుండా పోయింది. వచ్చాక మీటరు నలభై.

నల్లద్దాల సారు మొదటిసారి అద్దాలు తీశాడు. "మూడోది కాదు భాయ్, రెండోది నచ్చింది నాకు. నేను చూస్తున్న అని తెలిసి గూడ కాలు తీసినవ్. వేరేటోడైతే ఇజ్జత్ కోసం తొక్కి ఇంజన్ పగలగొడుతుండె. సోమారం వచ్చెయ్." నా వైపు తిరిగి, "అమ్మా, ఐసు మాత్రం మేమే తెచ్చుకుంటం," అన్నాడు.

బాపు స్కూటర్ దిగి వచ్చి, "ఎట్లైనా షెడ్డుకు తాళమేనాయె," అని నవ్వు ఆపుకోవడానికి మీసం సవరించుకున్నాడు.

సోమవారం పొద్దున ఎల్లారెడ్డి బస్టాండ్‌లో అన్నను ఎక్కించడానికి వెళ్లాను. ఆ రెండు రోజులూ ఇంట్లో అందరికంటే ఎక్కువ మురిసింది నేనే. బస్సు కదిలేముందు అన్న కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తే నా కళ్ల నిండా నీళ్లు.

"ఏందే ఏడుస్తున్నవ్? నువ్వే గదా దేవుణ్ణి అడిగినవ్?"

"అడిగిన. గింత జల్దీ ఇస్తడనుకోలే."

బస్సులో ముందు సీటు ముసలమ్మ కూడా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఏడుపు ఆగకుండానే. ఇప్పుడు తలుచుకుంటే అప్పటి ఆ పిల్ల మీద జాలే వేస్తుంది. అన్నకు ఆ పని దొరకాలని అంత గట్టిగా పట్టుబట్టింది గానీ, దొరికితే అన్న ఇంట్లో ఉండడన్న సంగతి బస్సెక్కించేదాకా దానికి తట్టనే లేదు.