గోలెంలో చెంబు చప్పుడు

నమ్మకపోతే మానేయండి, నవ్వకండి మాత్రం. నా పిల్లల మీద ఒట్టేసి చెబుతున్నాను... ఎల్లారెడ్డిలో మా ఇంట్లోనే, ఈ చెవులతో విన్నాను.

తెలంగాణ వచ్చిన ఏడాది. వానలు మొహం చాటేశాయి. నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. అందుకే పెరట్లో మేం గోలెం అనే సిమెంటు తొట్టి నిండా నీళ్లు పట్టి దాచుకున్నాను. చుక్క ఒలికితే ఇంట్లో అందరినీ తిట్టిపోసేదాన్ని.

పక్కింటి సావిత్రక్క కూతురు మమత ఏడో తరగతి. ఒకరోజు గోలెంలోకి తొంగి చూసింది.

"చిన్నమ్మా, నీళ్లల్ల పురుగులు ఆడుతున్నయ్. గవే దోమలైతయంట. డెంగ్యూ వస్తదని మా టీచర్ చెప్పింది. పారబోద్దామా?"

"పారబోస్తే మళ్ల మీ టీచర్ తెచ్చిపోస్తదా? పోయి చదువుకో పో!" అని కసిరాను.

మర్నాడు ఆశా కార్యకర్త నిల్వనీళ్లు పారబోయించేందుకు ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చింది. నేను ముందే గోలెం మీద చెక్క పెట్టి, పైన కట్టెలు పేర్చేశాను.

"మా గోలెం పగిలి శానా రోజులైంది" అన్నాను.

గోడ అవతలి నుంచి మమత చూస్తూనే ఉంది.

వారం తిరక్కముందే ఆ పిల్లకే జ్వరం. డెంగ్యూ అన్నారు. కామారెడ్డి ఆస్పత్రికి తీసుకెళ్లారు. రక్తకణాలు పడిపోతున్నాయని సావిత్రక్క ఫోన్లో ఏడ్చింది. గోలెం పారబోయాలనే అనుకున్నాను... తెల్లారాక చూద్దాంలే అని పడుకున్నాను. అప్పటికీ నాకు నీళ్ల మీద ఆశ చావలేదు చూడండి!

ఆ రాత్రి కరెంటు పోయింది. కళ్లు మూతపడ్డాయో లేదో...

బుడుంగ్.

చెంబు నీళ్లలో మునిగిన చప్పుడు. తర్వాత... బళబళా నేల మీద పోసిన చప్పుడు. మళ్లీ బుడుంగ్. మధ్యమధ్యలో ఆయాసం... చిన్నపిల్ల అలిసిపోతే వచ్చేలాంటిది. లేచి కూర్చుని చెవులు రిక్కించాను. రానురాను చెంబు అడుగున గీసుకుంటోంది. కర్ర్... కర్ర్...

ఆగిపోయింది.

టార్చి పట్టుకుని వెళ్లాను. పెరటి తలుపు గడియ వేసే ఉంది. కట్టెలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. వాటిని దించి చెక్క జరిపాను.

గోలెంలో చుక్క లేదు.

వంగి చుట్టూ నేల తడిమాను... అంతా పొడి మట్టి. మర్నాడు బిందెడు నీళ్లు పోసి చూశాను. ఎక్కడా కారలేదు.

మమత బతికింది. చిక్కి సగమై ఇంటికొచ్చింది. రాగానే మా పెరట్లోకి వచ్చి గోలెంలోకి చూసింది. దాని మొహం విప్పారింది.

"నువ్వే పారబోసినవా చిన్నమ్మా?"

"అవును బిడ్డా" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ అదే మాట వచ్చింది.

అది కుడిచెయ్యి ఒత్తుకుంటూ నన్నే చూసింది.

"జ్వరమైతే పోయింది గానీ... గీ చెయ్యి ఒక్కటే ఇంకా గుంజుతుంది."

డెంగ్యూ నొప్పులు అలాగే ఉంటాయంటారు. అంతే అయ్యుంటుంది... కదా? ఆ పిల్లకు నిజం మాత్రం ఇవాళ్టికీ చెప్పలేదు.