దుంపపుల్లలకు మెప్పు, సోడాకు తిట్లు

1978 ఏప్రిల్ 14, శుక్రవారం, సాయంత్రం ఐదుంపావుకు మా సోడా బాగాలేదన్న మాట మొదటిసారి నా చెవిన పడింది. చెప్పినవాడు మా కొట్టుకు ఎదురుగా కిళ్లీలు కట్టే అతను.

నందిగామలో బస్సులు ఆగే చోటికి కాస్త ఇవతల మాది నాలుగు బల్లల కొట్టు. మా ఆయన పొయ్యి దగ్గర, నేను సోడా మిషన్ దగ్గర. బంగాళాదుంపల్ని చిటికెన వేలంత పొడుగున కోసి, నీళ్లలో నానేసి, తుడిచి, వేరుశెనగ నూనెలో కరకరలాడేలా వేయించి వెల్లుల్లి కారం చల్లేవాళ్లం. వాటికి దుంపపుల్లలని పేరు పెట్టింది జనమే. ఆ కారం మీద ఒక గోలీ సోడా పడితే తప్ప ఎవరూ బల్ల మీంచి లేచేవారు కాదు. మిషన్ మా నాన్నది. జగ్గయ్యపేటలో ఇరవై ఏళ్లు దాని చక్రం తిప్పి, ఇక చేతులు సాగక నాకిచ్చాడు.

మా వైపు జనానికి ఒక పద్ధతి ఉంది. ఆడమనిషి చేతి తిండికి ఆమె ఎదుట వంక పెట్టరు. ఎలా ఉందండీ అంటే బ్రహ్మాండం అంటారు. రోడ్డు దాటి కిళ్లీ బుగ్గన పెట్టుకున్నాకే అసలు మాట బయటికొస్తుంది. అందుకని రోజూ సాయంత్రం కిళ్లీ అతనికి ఒక సోడా ఊరికే ఇచ్చి, ఆ వేళ వచ్చిన మాటలన్నీ చెప్పించుకునేదాన్ని.

"మంచివి ముందు చెప్పనా, చెడ్డవి ముందు చెప్పనా అక్కా?" అన్నాడు ఆ రోజు.

"ఏదైనా ఒకటే. అలిగి కూర్చోడానికి నాకు తీరికెక్కడిది?"

"దుంపపుల్లలకి తిరుగులేదు. వీరులపాడు పెళ్లివాళ్లు వెనక్కొచ్చి మరీ పొట్లాలు కట్టించుకున్నారు. సోడానే... మన చందర్లపాడు బాబాయి లేడూ, మిరపతోటాయన. గొంతులో సున్నం కొట్టినట్టుందన్నాడు. సాయంత్రం బస్సు కండక్టరైతే సగం తాగి కాలవలో పోశాడంట."

"నా ఎదుట అమృతం అన్నాడే ఆ బాబాయి!"

"నీ ఎదుట ఎవరంటారక్కా? నేనైనా డబ్బులిచ్చి తాగితే అననుగా!"

ఆ మాట మా బావగారి చెవికీ చేరింది. కొట్టు గది ఆయనది. మర్నాడే వచ్చి మిషన్ ఉన్న మూలను కొలిచినట్టు చూశారు.

"అమ్మాయ్, నెలాఖరు దాకా చూస్తా. అప్పటికీ ఇదే మాటైతే ఆ మిషన్ తీసేయండి. అక్కడ ఐసు పెట్టె పెట్టి కూల్‌డ్రింకులు అమ్ముకుందాం. తిప్పే పని లేదు, తిట్లు తినే పని లేదు."

మా ఆయన తలూపాడు. ఆ ఊపుకి నాకు ఒళ్లు మండింది. మా నాన్న మిషన్ ఇంటి వెనక కట్టెల పక్కన తుప్పు పట్టడం నాకు కళ్ల ముందు కనిపించింది.

నీళ్లను అనుమానించడానికి నాకు వీల్లేకపోయింది. మున్నేట్లో ఇసక చెలమల నీళ్లు రోజూ బండి మీద రెండు విడతలుగా రెండు డ్రమ్ములు వచ్చేవి. పొద్దున మొదటి బిందెలోంచి ఒక గుక్క నేను నోట్లో పోసుకుని చూసిగాని దింపించేదాన్ని కాదు. గ్యాసు మార్చాను, రబ్బరు వాషర్లు మార్చాను, సీసాలు శుభ్రంగా మళ్లీ కడిగాను. మాట మారలేదు. అప్పుడు కిళ్లీ అతన్ని ఇంకొకటి అడిగాను: ఈ మాటలు ఎన్నింటికి వస్తున్నాయి? పొద్దున ఒక్కటీ లేదు. అన్నీ మధ్యాహ్నం తర్వాతివే. పొద్దున మేము వాడేది మొదటి డ్రమ్ము. దుంపలు నానేసేదీ దాన్లోనే.

మర్నాడు రెండో డ్రమ్ములో చెయ్యి ముంచి నాకాను. ఉప్పగా, సున్నపురాయి నాకినట్టు ఉంది. దారిలో ఉన్న బోరు నీళ్లు! బండి తోలే అతను దాచలేదు.

"ఇసకలో ఎద్దు కాళ్లు బొబ్బలెక్కుతున్నాయమ్మా. రెండో డ్రమ్ముకి దాన్ని మళ్లీ ఏట్లోకి దింపలేకపోయా. అయినా గ్యాసు కొట్టాక ఏ నీళ్లయితే ఏంటమ్మా?"

ఎద్దు కాళ్లు చూశాక తిట్టడానికి నోరు రాలేదు. తెల్లవారకముందే, ఇసక చల్లగా ఉన్నప్పుడే రెండూ నింపుకురమ్మన్నాను. నీళ్లు బాగుపడ్డాయి. పేరు బాగుపడలేదు. దుంపపుల్లలు తిని, మంచినీళ్లు తాగి, సోడా వద్దమ్మా కడుపు నిండిందని లేచిపోతున్నారు.

ఏప్రిల్ 30, ఆదివారం. గడువుకి ఆఖరి రోజు. బావగారు బల్ల మీద కూర్చుని ఉన్నారు. చందర్లపాడు బాబాయి దుంపపుల్లల కోసం వచ్చాడు. కావాలని బోరు నీళ్లతో ఒకటి, చెలమ నీళ్లతో ఒకటి నింపి ఉంచిన సోడాలు రెండూ ఆయన ముందు కొట్టాను. "బాబాయిగారూ, ఏది బాగుందో నా మొహం మీద చెప్పండి."

మొదటిది ఒక గుక్క తాగి మూతి ముడిచాడు. రెండోది ఎత్తినవాడు ముప్పాతిక సీసా దాకా దించలేదు. తుడుచుకుని, "రెండూ బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా," అన్నాడు.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. రోడ్డు అవతలికి కేకేసి కిళ్లీ తెప్పించి ఆయన చేతిలో పెట్టాను.

"ఇది బుగ్గన పెట్టుకుని చెప్పండి."

ఆయన నా వంక, కిళ్లీ వంక చూశాడు. నోట్లో వేసుకుని రెండుసార్లు నమిలాడు.

"ఇహ దాచేదేముందిలే. మొదటిది గేదెకి పెట్టినా తాగదు. రెండోదుంది చూశావూ, మీ నాన్న పేటలో ఇచ్చిన సోడా అదీ! గుటక దిగంగానే తేనుపు. మధ్యలో ఏం పోయేకాలం వచ్చిందమ్మా నీకు?"

కొట్టంతా గొల్లుమంది. బావగారు లేచి రెండో సీసాలో మిగిలింది గ్లాసులో వంచుకుని తాగారు. పెద్దగా తేనుపు వచ్చింది ఆయనకి. "ఆ మూల దాన్నే ఉండనీ," అని మా ఆయనతో అని, చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం చీకటి పడే దాకా చక్రం తిప్పుతూనే ఉన్నాను. భుజాలు నొప్పెట్టాయి, ఆ నొప్పి ఎంత బాగుందో! అంతకంటే పెద్ద గెలుపు తర్వాతి వారం నుంచి తెలిసింది. జనం నా ఎదుటే చెప్పడం మొదలుపెట్టారు. "ఇవాళ పుల్లలు మెత్తబడ్డాయమ్మోయ్," "నిమ్మకాయ సోడాలో నిమ్మకాయ ఏదీ, చూపించు చూద్దాం," అని బల్ల మీంచే కేకలు. ఒక్కో తిట్టుకి ఒక్కో దిద్దుబాటు. 1986లో నేను కొట్టు మానేసే నాటిదాకా ఆ మిషన్ ఆ మూలనే తిరిగింది.

ఆ వేసవిలో పోయినవి: గ్యాసు ఎక్కువై పగిలిన సీసాలు ఏడు. అనవసరంగా మార్చిన వాషర్లు రెండు డజన్లు. సాయంత్రం బస్సు కండక్టరు, అతను మళ్లీ మా మెట్టెక్కలేదు. మోయాల్సిన మాటలు లేక ఆగిపోయిన కిళ్లీ అతని సాయంత్రపు రాక.