ఉప్పు చూసిన గరిటె

కూర పొయ్యి మీద ఉండగా మా వదిన ఉప్పు ఎప్పుడూ ఒక్కతే చూసేది కాదు. గరిటెతో పులుసు ముందు నా నోటికి అందించి, "ఒసే పిల్లా, ఉప్పు సూడు" అనేది. నేను తలూపాక అదే గరిటెతో తనూ రుచి చూసేది. ఎంగిలి కదా వదినా అంటే నవ్వేది. గజపతినగరంలో మా ఇంటికీ అన్నయ్య ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. బడిలో పాఠాలు చెప్పి రాగానే నా కాళ్ళు ముందు ఆ వంటింటికే పోయేవి.

స్వైన్ ఫ్లూ మళ్ళీ వచ్చిన ఏడాది, ఫిబ్రవరిలో, వదినకి జ్వరం తగిలింది. వారం తిరక్కుండానే ఊపిరి అందని స్థితికి వచ్చింది. విశాఖపట్నం తీసుకెళ్ళే వరకూ పక్కన ఉన్నది నేనే. ఒళ్ళు తుడిచాను, గంజి తాగించాను, ఆమె దగ్గితే నా ముఖం మీదే పడేది. ఆసుపత్రిలో మాత్రం అన్నయ్యని తప్ప ఎవరినీ లోపలికి రానివ్వలేదు. నాలుగో రోజున పోయింది. నాకు తుమ్మైనా రాలేదు.

అక్కడి నుంచి ఊళ్ళో నా లెక్కే మారిపోయింది. చర్చిలో ఆడవాళ్ళు నన్ను వింతగా చూసేవారు. "దీనికి రాదు, దేవుడు సెయ్యేసినాడు" అనేవారు. ఎవరింట్లో జ్వరమొచ్చినా నాకే కబురు. తలుపు తీసి నన్ను లోపలికి పంపి, వాళ్ళు వాకిట్లో నిలబడిపోయేవారు. ఒకావిడైతే నా అరచేతిని పట్టుకుని తన పసిబిడ్డ నుదుటికి బలవంతంగా ఆనించింది. ఆ చెయ్యి నాది కాదేమో అనిపించింది. అయినా, ఉన్న మాట చెప్పొద్దూ, లోపల గర్వంగానే ఉండేది. వదిన పోయి నేను మిగిలానంటే దానికేదో అర్థం ఉందనుకున్నాను. నా మొహం.

మరుసటి ఏడాది విజయనగరం నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. అప్పట్లో రోగుల దగ్గర మెలిగినవాళ్ళ రక్తం పరీక్షిస్తున్నామంది. దర్జాగా చెయ్యి చాపాను. కొన్ని వారాలకి కాగితం పట్టుకుని మళ్ళీ వచ్చింది.

"మీ రక్తంలో యాంటీబాడీలు బాగా ఉన్నాయండీ. అంటే ఆ జబ్బు మీకూ వచ్చి పోయింది. కొందరికి కాస్త గొంతు గరగరతోనే పోతుంది, తెలియదు" అంది.

"ఎప్పుడొచ్చింది?"

"అది చెప్పలేమండీ. వచ్చిందని మాత్రమే తెలుస్తుంది."

వదిన దగ్గరే అంటుకుని ఉంటుందని సర్దిచెప్పుకోబోయాను. కానీ గొంతు గరగర అన్న మాట నన్ను వదల్లేదు. వదిన మంచం పట్టడానికి మూడు రోజుల ముందు, విశాఖలో పెళ్ళికెళ్ళి పాసింజరు రైల్లో తిరిగొచ్చాను. దారిలో గొంతు గీరింది. ఇంటికొచ్చి మిరియాల కషాయం తాగి ఆ సంగతే మర్చిపోయాను. ఆ సాయంత్రమే వదిన గరిటె నా నోటికి అందించింది. నేను మర్చిపోయినా నా రక్తం మర్చిపోలేదు. అప్పటి నుంచి మణికట్టు మీద నరం కొట్టుకోవడం చూసినా భయమేసేది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అన్నయ్య ఇంటికి వెళ్ళాను. వదిన పోయాక తనే వండుకుంటున్నాడు.

"డాక్టరమ్మ ఏటి సెప్పినాది?" అన్నాడు.

"ఏటీ లేదన్నాది."

"నాకు తెలుసులే. ఆస్పత్రిలో మీ వదినది ఒకటే గోల. 'ఆ దినం పిల్ల గొంతు బొంగురుగా ఉన్నాది, దానికి జొరమొచ్చిందేటి, ముందు దానికి మందిప్పించు' అని. పోయే రోజు కూడా అదే అడిగినాది. నువ్వు బాగున్నావని సెప్పినాకే నిమ్మళించినాది."

పులుసు ఉడుకుతోంది. అన్నయ్య గరిటెతో కాస్త తీసి, ఊదుకుని, నా నోటి దగ్గరికి తెచ్చాడు.

"ఉప్పు సూడు."

నోరు తెరవలేకపోయాను.

"అది ముందు నాకే వచ్చినాది అన్నయ్యా. నా నుంచే వదినకి పోయినాది."

అన్నయ్య గరిటె నా నోటి దగ్గర నుంచి దించలేదు.